పాత చీరలతో డబుల్ కాట్ బొంత: ఈ చలికాలం ప్రాజెక్టు డైరీ

నవంబరు ఆఖరు

ఈ చలికాలానికి పెట్టుకున్న పని ఒకటే. డబుల్ కాట్‌కు సరిపోయే బొంత, మిషన్ ముట్టుకోకుండా పూర్తిగా చేత్తో, ఇంట్లో ఉన్న పాత నూలు చీరలతోనే. గడువు సంక్రాంతి, ఎందుకంటే పండక్కి ఆడబిడ్డ వాళ్లు వస్తారు, ఇంట్లో ఉన్న రగ్గులు లెక్కపెడితే ఎవరో ఒకరు దుప్పటి మీద దుప్పటి వేసుకుని సర్దుకోవాల్సిందే. మా ఆయన మాత్రం "ఆన్‌లైన్‌లో పెడితే ఎల్లుండికి వస్తుంది కదా, దీనికి నెలన్నరా" అన్నాడు. వస్తుంది, పోయినేడు ఒకటి వచ్చింది కూడా, పాలిస్టర్‌ది. మెత్తగానే ఉంటుంది కానీ పొడిగాలి ఉన్న రాత్రి దాన్ని విదిలిస్తే చీకట్లో చిటపటమని రవ్వలు, కప్పుకుని పడుకుంటే తెల్లారేసరికి మెడ కింద చెమట. నూలు బొంత కింద ఈ రెండూ ఉండవు.

మాది చిత్తూరు, కట్టమంచి వైపు. ఇక్కడ చలేంటి అని బయటివాళ్లు నవ్వుతారు గానీ మా ఇళ్లు చలికి కట్టినవి కావు, మే నెల ఎండకు కట్టినవి. మొజాయిక్ నేల, గోడల్లో మూత లేని వెంటిలేటర్లు, గాలి ఆడాలని ఎదురెదురుగా పెట్టిన కిటికీలు. బయట పదహారు డిగ్రీలుంటే లోపల కూడా ఇంచుమించు అంతే, నేల మీద కాలు పెడితే ఇంకా తక్కువ అనిపిస్తుంది. అత్తమ్మ పుట్టిల్లు పలమనేరు, అక్కడ చలి ఇంకా ఎక్కువ. చిత్తూరు సముద్రమట్టానికి 330 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే పలమనేరు 680 దాకా ఉంటుంది, కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల లెక్కన ఘాట్ రోడ్డు ఎక్కేసరికే రెండు డిగ్రీలు పడిపోతాయి. ఇంకాస్త పైకి మదనపల్లె పక్కన ఆరోగ్యవరం, చలికాలం వస్తే రాయలసీమ కనిష్ఠ ఉష్ణోగ్రతల వార్తల్లో ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. అట్లాంటి చోట పెరిగిన మనిషి కాబట్టి బొంత విషయంలో అత్తమ్మ మాటే ఫైనల్ అని ముందే ఒప్పుకున్నాను. ఈ డైరీలో సగం ఆమెదే.

ఇవాళ్టి పని చీరలు ఏరడం. బీరువా అడుగు అర మొత్తం బయటికి తీశాం. కావలసినవి బాగా పాతబడి ఒళ్లు మెత్తబడిన నూలు చీరలు, చినుగు ఉన్నా పర్వాలేదు, కానీ గుడ్డ పీలికలైపోయి ఉండకూడదు, వేలు పెట్టి లాగితే పోగులు విడిపోయే చీర లోపల పొరగా కూడా పనికిరాదు. చూడ్డానికి నూలులాగే ఉండి నూలు కానివి చాలా ఉంటాయి, అవి తేల్చడానికి చీర చివర ఒక పోగు లాగి దీపానికి పెట్టి చూడటమే. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలిపోతుంది, పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి ముడుచుకుని చివర నల్లటి గట్టి పూస మిగులుతుంది. పోగు పట్టకారుతో పట్టుకోండి, వేళ్లతో వద్దు. "ప్యూర్ కాటన్" అని ముద్దుగా దాచుకున్న రెండు చీరలు ఈ పరీక్షలో పోయాయి. కలిస్తే ఏమవుతుంది అంటే, ఉతికినప్పుడు నూలు ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు, రెండూ ఒకే కుట్టులో ఉంటే ఒకటి రెండోదాన్ని లాగి బొంతంతా ఉబ్బులు ఉబ్బులుగా తయారవుతుంది.

నాలుగు చీరలు తేలాయి. పైకి వచ్చేది అత్తమ్మ వెంకటగిరి చీర, ఒకప్పటి నేరేడు రంగు ఇప్పుడు ఉతికి ఉతికి బూడిద రంగులోకి దిగింది. కింది వైపుకు నా కాలేజీ రోజుల పచ్చ చీర. మధ్యలోకి రెండు సాదా చీరలు, వాటి అందంతో పని లేదు. వీటితో పాటు మామయ్య ఎనిమిది మూరల పంచె ఒకటి.

డిసెంబరు మొదటి వారం, ముసురు

తుఫాను తీరం దాటేది ఎక్కడైనా ముసురు మాత్రం మాకు తప్పదు, ఈశాన్య రుతుపవనాల కాలం కదా. చీరలు ఉతుకుదామనుకున్న రోజే పట్టుకుంది. ఈ ముసురు చలి వేరు, మంచు చలి వేరు. ముసురులో రాత్రి మరీ పడిపోదు, మబ్బు దుప్పటిలా కప్పి నేల వేడిని పోనివ్వదు, కానీ పగలు ఎండ లేక రోజంతా ఒకటే ఈదర. మబ్బు విడిపోయాక అసలు చలి మొదలవుతుంది, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోయి తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి, అయితే పగలు ఎండ మాత్రం బాగా కాస్తుంది. దీన్నిబట్టే పనులు పంచుకున్నాం. ముసురు రోజుల్లో కూర్చుని విప్పే పనులు, ఎండ వచ్చాక ఉతుకుడు.

విప్పేవి ఏంటంటే, ముందు ఫాల్. చీర నూలుదైనా ఫాల్ చాలావరకు నూలు కాదు, అది అట్లాగే ఉంటే పైన చెప్పిన ముడత సమస్యే. తర్వాత వెంకటగిరి చీర జరీ అంచు. జరీ చూడ్డానికి బాగుంటుంది కానీ గడ్డానికి గీసుకుంటుంది, పైగా సూది దిగదు. అంచు కత్తిరించి విడిగా చుట్ట చుట్టి పెట్టాను, దేనికో ఇంకా తెలీదు. పికో కుట్లు బ్లేడుతో విప్పుతుంటే బుడ్డోడు వచ్చి పక్కన కూర్చుని దారం ముక్కలన్నీ ఏరి ఉండ చేశాడు, ఆ ఉండకు పేరు కూడా పెట్టాడు.

దారం కోసం బజారు వీధికి పోయాను. మామూలు మిషన్ దారం చేతి కుట్టుకు సన్నం, నాలుగైదు పొరల్లో లాగేసరికి తెగుతుంది, రెండు పోగులు వేస్తే పర్లేదు. అంగడాయన లావు నూలు దారం తీసి చూపించాడు, పరుపులు కుట్టేవాళ్లు తీసుకుపోతారంట. అదే తెచ్చాను. సూదులు కూడా చెప్పాలి, దబ్బనమంత లావువి కాదు, మామూలు సూదంత పొట్టివీ కాదు, పొడుగ్గా కన్ను పెద్దదిగా ఉండేవి. పొట్టి సూదితో ఒక్కో కుట్టు విడిగా వేయాలి, పొడుగు సూది మీద నాలుగు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగొచ్చు. ఈ తేడా మొదటి గంటలో తెలీదు, రెండో రోజు మణికట్టు చెబుతుంది.

ఎండ వచ్చింది

చీరలు మరిగే నీళ్లలో నానబెట్టి గంజి పోయేదాకా ఉతికాం. అత్తమ్మకు గంజి పెట్టకుండా చీర మడతపెట్టే అలవాటు లేదు కాబట్టి ఏళ్ల గంజి ఉంది వాటిలో, మొదటి నీళ్లు తెల్లగా వచ్చాయి. గంజి ఉంటే సూది కరకరమంటూ దిగుతుంది, అది ఒక బాధ. పురుగులు చేరడం రెండో బాధ, బీరువాల్లో తిరిగే వెండి రంగు పురుగు తినేది ఆ గంజినే. రెండోసారి నీళ్లు తేటగా వచ్చాక ఆరేశాం. మేడ మీద ఎండ పదింటి నుంచి మూడున్నర దాకే పనికొస్తుంది, ఆ తర్వాత వెలుతురుంటుంది కానీ వేడి ఉండదు, సాయంత్రం మంచు దిగకముందే తీసేయాలి.

చింపడం శనివారం. నిజానికి శుక్రవారమే నాకు సెలవు దొరికింది, కత్తెర తీశాను, అత్తమ్మ "శుక్రవారం పూట గుడ్డ చింపుతారా ఎవరైనా" అని కత్తెర తీసుకుని సూదుల డబ్బాలో పెట్టేసింది. సరే.

చీర ఐదున్నర మీటర్లు, వెడల్పు మీటరూ పదిహేను సెంటీమీటర్ల పైన. సగానికి చింపితే రెండు ముక్కలు, పక్కపక్కన జత చేస్తే వెడల్పు రెండు మీటర్ల ముప్పై వస్తుంది. పొడవు కూడా రెండు ముప్పైకి తెగ్గోస్తే చదరం, మంచానికి అన్ని వైపులా కొంచెం వేలాడుతుంది. అంటే ఒక చీరకు ఒక పొర, లెక్క ఎంత సులువో చూడండి. మిగిలిన కొంగు ముక్కలు పక్కన పెట్టాలి, మూలలకు కావాలి. నూలు గుడ్డను కత్తెరతో పొడుగునా కోయొద్దు, చివర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపితే పోగు వెంటే నేరుగా పోతుంది, ఎంత జాగ్రత్తగా కోసినా అంత నేరుగా రాదు. అంచు దగ్గర మాత్రం పడుగు పోగులు, అంటే చీర పొడవునా నడిచేవి, దట్టంగా ఉంటాయి, చినగదు, అక్కడ కత్తెర వాడాలి.

ఒక చిక్కు ఉంది. నాలుగు చీరలూ ఇట్లాగే జత చేస్తే నాలుగు అతుకులూ నడిమధ్యనే ఒకదాని మీద ఒకటి పడతాయి, వీపు కింద గట్టు లేస్తుంది. అత్తమ్మ చెప్పిన ఉపాయం, రెండు చీరలు మామూలుగా జత చేసి, మిగిలిన రెండింటిలో ఒక్కో ముక్కను పొడుగునా నిలువుగా చింపి, ఆ సగాలను పూర్తి ముక్కకు చెరో పక్కన కుట్టడం. అప్పుడు అతుకులు మధ్యలో కాకుండా పక్కలకు పడతాయి. పొరలు పేర్చేటప్పుడు ఒకటి ఇదీ ఒకటి అదీ వేస్తే ఎక్కడా గట్టు తగలదు. ఈ మాట ఆమె చెప్పిన తీరు: "మధ్యలో అంత లావు పెట్టినావంటే కాపురం రెండు పక్కలవుతాది అమ్మణ్ణీ." మా ఆయన వంటింట్లోకి పోయాడు.

ధనుర్మాసం మొదలైంది

తిరుమలలో సుప్రభాతం ఆపి తిరుప్పావై మొదలుపెట్టారు, ఇంట్లో అత్తమ్మ ఫోన్‌లో కూడా అదే, ఐదింటికే. ఐదింటికి లేస్తే వీధిలో ముగ్గులేసే వాళ్లు స్వెట్టర్ల మీద కొంగు కప్పుకుని ఉంటారు. నాకు మాత్రం ఇది పరిచే రోజు.

హాల్లో సోఫాలు జరిపేసి ముందు చాపలు వేశాం, లేకపోతే ఆ నేల మీద మోకాళ్లు నిలవవు. మీద పచ్చ చీర తిరగేసి, అంటే బాగున్న వైపు నేలకు ఉండేట్టు పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాం, దోసె పెనం, ఇడ్లీ పాత్ర, ఉప్పు జాడీ, బుడ్డోడి స్కూలు బ్యాగు. బ్యాగే అన్నిటికంటే బరువుంది. గుడ్డ ముడత లేకుండా ఉండాలి కానీ లాగి బిగించకూడదు, లాగితే కుట్టిన తర్వాత వెనక్కి పోతుంది. దాని మీద సాదా చీర, తర్వాత పంచె.

పంచె పొడవు మూడున్నర మీటర్ల పైన, సగం చేస్తే మన బొంత పొడవుకు అర మీటరు దాకా తక్కువ పడుతుంది. వెలితి కాళ్ల వైపు వదలాలా తల వైపు వదలాలా అని నేను ఆలోచిస్తుంటే అత్తమ్మకు ఆలోచనే లేదు, తల వైపు. ఎందుకంటే తల దగ్గర బొంతను ఎట్లాగూ మడిచి కప్పుకుంటాం, అక్కడ పొర రెట్టింపు అయినట్టే, కాళ్లు మాత్రం తెల్లవారుజామున ముందు చల్లబడేవి. కాబట్టి పంచె పాదాల నుంచి ఛాతీ దాకా. దాని మీద రెండో సాదా చీర, అన్నిటి మీద వెంకటగిరి. మొత్తం ఐదు పొరలు, తల దగ్గర నాలుగు.

పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేయడానికి మధ్యాహ్నం అయిపోయింది. ఇవి నడిమధ్య నుంచి బయటికి వేయాలి, ఎనిమిది దిక్కులకూ. బయటి నుంచి లోపలికి వస్తే ఎక్కడో ఒకచోట గుడ్డ మిగిలిపోయి ముడత పడుతుంది, అప్పుడది దాక్కోవడానికి చోటుండదు. ఇవి అసలు కుట్టు పూర్తయ్యాక విప్పేసేవి కాబట్టి ఎర్ర దారంతో వేశాను, కనిపించాలి.

బిగువు గురించి

మొత్తం పనిలో చెప్పుకోదగ్గది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

అసలు కుట్టు అంటే ఏమీ లేదు, సూది పైకి కిందికి పోయే మామూలు కుట్టు. పైన వడ్లగింజ పొడవు కనిపించాలి, కింద కూడా అంతే. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల ఎడం. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ చదరంలో చదరంగా లోపలికి రావాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. దారం ఎంత లాగాలి అనేది మాత్రం ఎవరూ చెప్పరు. మిషన్ కుట్టు చూసి పెరిగిన మన కంటికి దారం గుడ్డలోకి దిగిపోయి ఉంటేనే నీటుగా కనిపిస్తుంది, అందుకే నాలుగు వరసలు గట్టిగా లాగి కుట్టేసరికి అత్తమ్మ వచ్చి అరచేత్తో అణిచి చూసింది. "అట్ల బిగిస్తే చలి ఆగదు. గాలి పోయేదానికి దోవ లేకుండా, ఉండేదానికి చోటు ఉండాల."

ఆ మాట మొదట అర్థం కాలేదు, తర్వాత ఆలోచిస్తే అందులో ఫిజిక్స్ అంతా ఉంది. ఉన్ని అయినా దూది అయినా పాత చీరలైనా, ఒంటి వేడిని ఆపేది గుడ్డ కాదు, పొరల మధ్య కదలకుండా నిలబడ్డ గాలి. గాలికి వేడిని మోసుకుపోయే గుణం చాలా తక్కువ, కానీ అది కదలకూడదు, కదిలితే వేడిని పట్టుకుపోతుంది. లావు దుప్పటి ఒకటి కంటే సన్నవి రెండు వెచ్చగా ఉండేది అందుకే, రెండిటి మధ్య ఒక గాలి పొర ఊరికే వస్తుంది. దారం బిగించి లాగితే ఐదు పొరలూ ఒకదానికొకటి అతుక్కుని గాలి బయటికి పోతుంది, మిగిలేది లావుపాటి గుడ్డ మాత్రమే. అట్లాగని కుట్లే తగ్గిస్తే, నాలుగు ఉతుకులకు లోపలి పొరలు జారి ఒక మూలకు ముద్ద కడతాయి. కాబట్టి వరసలు దగ్గరగా, కుట్టు వదులుగా. రెండూ ఉండాలి.

నమ్మకం కుదరక ఒక పరీక్ష చేశాను. మిగిలిన ముక్కలతో అడుగు పొడవు అడుగు వెడల్పు గుడ్డలు రెండు, ఐదేసి పొరలు, ఒకటి గట్టిగా ఒకటి వదులుగా కుట్టి, ఒకే సైజు స్టీలు గ్లాసులు రెండిటికి చుట్టి, ఒకే పాత్రలోంచి వేడి నీళ్లు పోసి మూతలు పెట్టాను. అరగంట తర్వాత బుడ్డోడి సైన్స్ కిట్‌లో ఉన్న థర్మామీటర్ పెట్టి చూస్తే వదులు కుట్టు గ్లాసు కొంచెం ఎక్కువ వేడిగానే ఉంది. గ్లాసులు మార్చి మళ్లీ చేశాం, మళ్లీ అంతే. బుడ్డోడు ఇప్పుడు ఇంట్లో అన్నిటికీ గుడ్డలు చుట్టి కొలుస్తున్నాడు.

కుట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు పెట్టుకున్నాను. వేసిన కుట్టు కిందికి సూది మొన గుడ్డను లేపకుండా దూరిపోవాలి. దూరకపోతే బిగిసినట్టు, దూరి దారం ఉచ్చులా లేస్తే మరీ వదులు, కాలి వేలికి తగులుకుంటుంది.

దారం ఎంత పడుతుందో కూడా లెక్క వేశాను, ముందే కొనుక్కోవాలి కదా, తర్వాత పోతే అదే రంగు దొరకదు. డిజైన్ ఏదైనా సరే, బొంత వైశాల్యాన్ని వరసల ఎడంతో భాగిస్తే మొత్తం కుట్టు పొడవు వస్తుంది. రెండు ముప్పై ఇంటూ రెండు ముప్పై, దాన్ని మూడు సెంటీమీటర్లతో భాగిస్తే 176 మీటర్లు. పైకి కిందికి పోయే దారానికి, ముడులకు కొంచెం కలుపుకుని 200 అనుకోండి, రెండు పోగులు వేస్తే 400. మా ఆయనకు ఈ లెక్క చూపించాను, అతను ఆన్‌లైన్ రగ్గు ధర చూపించాడు.

క్రిస్మస్ సెలవులు

రోజూ ఎంతో కొంత నడుస్తోంది. పొద్దున కుట్టలేను, వేళ్లు వంగవు, సూది మొన ఎక్కడుందో వేలికి తెలీదు. మధ్యాహ్నం మేడ మీద ఎండలో కూర్చుంటే హాయిగా సాగుతుంది, ఒడిలో సగం బొంత ఉంటుంది కాబట్టి కాళ్లకు వెచ్చన కూడా, సగం కుట్టిన బొంతే ముందు వాడుకలోకి వచ్చిందన్నమాట. సాయంత్రం ఆరింటికే చీకటి పడిపోయి ట్యూబ్‌లైట్ కింద నేరేడు గుడ్డ మీద నేరేడు దారం కనిపించడం కష్టం. వచ్చేసారి దారం రంగు తేడాగా తీసుకుంటా.

సూది జిగటగా ఆడుతుంటే అత్తమ్మ దాన్ని తలలో ఒకసారి దువ్వుకుంటుంది, నూనె అంటుకుని జర్రున పోతుంది. నేను ఎండిన సబ్బు ముక్కలో గుచ్చి తీస్తున్నాను, అదీ పనిచేస్తుంది. బారెడు దారం కంటే ఎక్కువ ఎక్కించొద్దు, చిక్కు పడుతుంది. ముడి పైకి కనిపించకుండా ఉండాలంటే పై పొరలోంచి సూది దించి దారాన్ని చిన్నగా గుంజితే ముడి టప్పున లోపలికి పోయి పొరల మధ్య కూర్చుంటుంది. ఆ టప్పుమనడం వేలికి తెలుస్తుంది, మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన క్షణం అదే.

మధ్యలో రెండు రోజులు బొంత ఆగింది, కారణం అనపకాయలు. బజార్లో ఎక్కడ చూసినా కుప్పలే, చలికాలం అవి తినకపోతే చిత్తూరులో ఉండి ఏం లాభం. కాయలు ఒలిచి, గింజలు రాత్రి నానబోసి, పొద్దున బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, గిన్నెలో పడితే అదృష్టం, మా ఇంట్లో సగం టీవీ కింద దొరుకుతాయి. పితికిపప్పు చారు, రాగి సంకటి. ఇంతమంది కూర్చుని పితికినా అరగిన్నె దాటదు, తినేటప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నానిన వేళ్లతో సూది పట్టుకుంటే జారిపోతుంది, అందుకే ఆ రోజు కుట్టు లేదు. పక్కింటి అక్క మాతోపాటు పితకడానికి వచ్చి బొంత చూసింది, తర్వాత రోజూ ఓ గంట వచ్చి ఎదురు అంచు నుంచి కుడుతోంది. ఆమె కుట్టు నా కంటే చిన్నది, రెండు చేతుల తేడా తెలిసిపోతుంది. తెలియనీ.

ఆ అక్కే ఊలుతో బుడ్డోడికి టోపీ కూడా అల్లేసింది, క్రోషియా సూదితో, ఒక్క సాయంత్రంలో, మాట్లాడుతూ. నేను నేర్చుకుందామని ఒక వరస అల్లి ఆమెకే ఇచ్చేశాను. రెండు చేతిపనులు ఒకే చలికాలంలో నా వల్ల కాదు.

జనవరి మొదటి వారం

కుట్టు మధ్యకు చేరింది. మంచు బాగా పడుతోంది, మేడ మీద పిట్టగోడ పొద్దున ఎనిమిదింటికి కూడా తడిగానే ఉంటుంది. నడిమధ్య ఆఖరి చదరం అరచేతంత మిగిలింది, అక్కడ మాత్రం అత్తమ్మ కుట్టింది, అది పెద్దవాళ్లు ముగించాలంట.

ఎర్ర టాకాలు విప్పేశాను. ఇప్పుడు అంచు. మిగిలిన పచ్చ చీర కొంగును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపి చుట్టూ మడిచి కుట్టాలి. బొంత మొదట పాడయ్యేది అంచు దగ్గరే, పట్టుకుని లాగేది అక్కడే కదా, కాబట్టి ఇక్కడ మాత్రం కుట్టు గట్టిగా, రెండు వరసలు. తల వైపు అంచు వేరే రంగులో పెట్టాం, తల ఎటో కాళ్లు ఎటో చూడగానే తెలియాలి, లేకపోతే పంచె పొర వృథా.

మూలల సంగతి. ఇట్లాంటి పాత గుడ్డల బొంతలు మన దగ్గరే కాదు, బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. కర్ణాటకలోనే ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుట్టేవి నాకు అన్నిటికంటే నచ్చాయి. సిద్దీలు ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల బొంతలకు నాలుగు మూలలా రంగురంగుల గుడ్డ ముక్కలు త్రికోణంగా మడిచి ఒకదాని మీద ఒకటి పొరలుగా కుట్టి ఉంటాయి, వాళ్లు కూడా అంచు నుంచి లోపలికే కుట్టుకుంటూ వస్తారు. ఆ మూలల పద్ధతి చూసి నేనూ మడిచాను. పక్కన పెట్టిన జరీ అంచుకు ఇప్పుడు పని దొరికింది, ప్రతి త్రికోణంలో ఒక్క పొర అది. మూలలు కాబట్టి మొహానికి తగలదు. అత్తమ్మ చూసి ఏమీ అనలేదు, కానీ పక్కింటి అక్కకు చూపించేటప్పుడు ముందు మూలే పట్టుకుని చూపించింది.

భోగి ముందు రోజు

అయిపోయింది. కూరగాయల కొక్కెం తక్కెడకు తగిలిస్తే రెండు కిలోల పైన తూగింది. భోగి మంటలో వేయడానికి పాత సామాను పోగేస్తుంటే బుడ్డోడు నా గుడ్డ పీలికల సంచి కూడా ఎత్తుకుపోయాడు, దారిలో పట్టుకున్నాను. ఆ పీలికలతో దిండు నింపొచ్చు.

రాత్రి మేమే ఒకసారి కప్పుకుని చూశాం, చుట్టాలు వస్తే మళ్లీ మన చేతికి రాదు. ముందు చల్లగానే తగిలింది, నూలు కదా. కాసేపటికి వెచ్చబడి ఆ వెచ్చదనం అట్లాగే నిలబడింది, తెల్లవారుజామున కాళ్లు ముడుచుకోలేదు. చెమట లేదు. మా ఆయన పొద్దున ఏడున్నరకు లేచాడు, రగ్గు ధర మాట ఎత్తలేదు.

ఉతకడం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. చలికాలంలో ఉతకొద్దు. తడిస్తే బరువు రెట్టింపు దాటుతుంది, ఈ ఎండకు రెండు రోజులైనా మధ్య పొర ఆరదు, ముక్కిన వాసన పట్టుకుంటుంది. ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో రెండు వైపులా వేసి దులపడమే. ఉతికేది మార్చి ఆఖర్లో, ఎండ ముదిరాక, నానబెట్టి కాళ్లతో తొక్కి, పిండకుండా తీగ మీద వేసి నీళ్లు కారనివ్వాలి, మెలితిప్పి పిండితే లోపలి పొరలు పక్కకు పోతాయి. వేపాకు వేసి మడతపెట్టి పైన అటక మీద.

ఆడబిడ్డ ఫోటో చూసి ఫోన్ చేసింది, తనకీ ఒకటి కావాలంట. ఆమెతో ఆగలేదు, పలమనేరు పెద్దమ్మ కూడా చేసి తన దగ్గర ఏడు నూలు చీరలున్నాయి, పండక్కి వచ్చేటప్పుడు తెస్తానంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, అప్పటిలోపు రెండు బొంతలు నా వల్ల కాదని చెప్పాను. తెచ్చేదుంటే ఫాల్ విప్పి, పోగు కాల్చి చూసి, గంజి పోయేదాకా ఉతికి తెమ్మన్నాను. గంజి సంగతి చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు, "అయితే నాలుగే తెస్తాలే" అంది.